ఇంటి వీడియోలు కలిపి ఎడిట్ చేయడానికి నిజంగా ఉచితమైన ఆన్‌లైన్ ఎడిటర్ ఏది?

ప్రశ్న: మా పాపవి ఏడాదిన్నరగా తీసిన వీడియోలు నలభై దాకా ఉన్నాయి. కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా. బంధువులు వాట్సాప్‌లో పంపినవి కొన్ని, మా తమ్ముడి పాత హ్యాండీక్యామ్‌లో తీసినవి కొన్ని. అన్నీ కలిపి పది పన్నెండు నిమిషాల వీడియో ఒకటి, అందరికీ పంపడానికి నిమిషం నిడివిది ఒకటి చేయాలని ఉంది. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనడం ఇష్టంలేక ఒక ఆన్‌లైన్ ఎడిటర్‌తో మూడు సాయంత్రాలు కుస్తీ పట్టాను. చివరికి వీడియో మీద వాళ్ల కంపెనీ పేరు పడింది. సగం దాటాక మాటకీ పెదవులకీ పొంతన లేదు. మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే 90 శాతం దగ్గర ఆగిపోయింది. లాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్. ఏ ఎడిటర్ వాడమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీకు ఎదురైన మూడు ఇబ్బందుల్లో ఎడిటర్ తెచ్చిపెట్టింది ఒక్కటే, ఆ పేరు ముద్ర. మాటకీ పెదవులకీ పొంతన తప్పడానికి కారణం ఫోన్లు వీడియో తీసే పద్ధతి. 90 శాతం దగ్గర ఆగిపోవడానికి కారణం, చాలావరకు, లాప్‌టాప్ మెమరీ. కాబట్టి ఎడిటర్ మారిస్తే ముద్ర పోతుందేమో కానీ మిగతా రెండూ మీ వెంటే వస్తాయి. మీరు మార్చాల్సింది పని చేసే వరస. ఏరడం, కత్తిరించడం, ఫైళ్లు సరిచేయడం మీ లాప్‌టాప్‌లోనే ముగించండి. పేర్చడం, అక్షరాలు, సంగీతం మాత్రమే బ్రౌజర్‌లో చేయండి. అప్పుడు 4 జీబీ లాప్‌టాప్ మీద కూడా ఈ పని అవుతుంది.

ముందు ఎడిటర్ల సంగతి. ఆన్‌లైన్ ఎడిటర్లు అన్నీ ఒక్కలా పనిచేయవు. కొన్ని మీ ఫైళ్లను తమ సర్వర్‌కి ఎక్కించుకుని అక్కడ పనిచేస్తాయి. కొన్ని బ్రౌజర్‌లో తెరుచుకున్నా పనంతా మీ కంప్యూటర్ చేతే చేయిస్తాయి. ఈ తేడా మీకు చాలా ముఖ్యం. ఫోన్‌లో 1080పి (ఫుల్ హెచ్‌డీ) వీడియో నిమిషానికి సుమారు 60 నుంచి 130 ఎంబీ తింటుంది. మీ నలభై క్లిప్పులూ కలిపి ఒక గంట ఉన్నాయనుకుంటే 6 జీబీ అటూ ఇటూ. మీ ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం సెకనుకు 5 మెగాబిట్లయితే ఆ 6 జీబీ ఎక్కడానికే 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. డౌన్‌లోడ్ వేగం చూసి అంచనా వేసుకోకండి. ఇళ్లలోని చాలా కనెక్షన్లలో అప్‌లోడ్ అంతకంటే బాగా తక్కువ. పైగా ఇవి చిన్నపిల్ల వీడియోలు. అవసరం లేకుండా ఎవరి సర్వర్‌లోనూ పెట్టకపోవడమే మేలు.

ఈ రెండు కారణాల వల్లా మీకు సరిపడేది క్లిప్‌చాంప్. 2021లో దీన్ని మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. ఎడ్జ్‌లోగానీ క్రోమ్‌లోగానీ తెరవాలి. ఉచిత ఖాతాలోనే 1080పి దాకా ముద్ర లేకుండా ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది, ఎడిటింగ్, ఎక్స్‌పోర్ట్ రెండూ మీ కంప్యూటర్‌లోనే జరుగుతాయి. 4కె కావాలంటే మాత్రం డబ్బు కట్టాలి. మీ క్లిప్పుల్లో వాట్సాప్‌వీ హ్యాండీక్యామ్‌వీ ఉన్నాయి కనుక 4కెతో మీకు ఒరిగేదేమీ లేదు. ఒక్క జాగ్రత్త: దాని లైబ్రరీలో వజ్రం గుర్తు ఉన్న సంగీతం, స్టాక్ వీడియోలు, ఎఫెక్టులు డబ్బు కట్టేవాళ్లకి. అలాంటిది ఒక్కటి టైమ్‌లైన్‌లో (క్లిప్పుల్ని వరసగా పేర్చే పట్టీలో) ఉన్నా ఎక్స్‌పోర్ట్ దగ్గర అడ్డం పడుతుంది. మాటల్ని వాటంతట అవే అక్షరాలుగా మార్చే సదుపాయం వాడితే ఆ శబ్దం సర్వర్‌కి వెళ్తుందని కూడా గుర్తుంచుకోండి.

కాన్వా అందమైన పేర్ల అట్టలకీ (టైటిల్ కార్డులకీ) ఫొటోల వరసలకీ బాగుంటుంది. కానీ ఫైళ్లు దాని సర్వర్‌కి ఎక్కాల్సిందే, ఉచిత ఖాతాలో చోటు 5 జీబీయే. మీ పెద్ద వీడియోకి పనికిరాదు, నిమిషం వీడియోకి పనికొస్తుంది. క్యాప్‌వింగ్, వీడ్ లాంటివి ఉచిత ఖాతాలో ముద్ర వేస్తాయి. వాటి జోలికి పోనక్కర్లేదు. యూట్యూబ్ స్టూడియోలోనూ ఒక చిన్న ఎడిటర్ ఉంది. ఎక్కించిన వీడియోలో మధ్యలో ముక్క తీసేయడానికి, ఎవరిదైనా ముఖం మసకబార్చడానికి బాగుంటుంది. కానీ రెండు వీడియోలను కలపలేదు. తిరిగి డౌన్‌లోడ్ చేసుకుంటే 720పి మించి రాదు. దాన్ని ఎడిటర్ అనుకోకుండా చివరి దిద్దుబాటుకు మాత్రం వాడుకోండి.

ఏ ఎడిటర్ అయినా సరే, పని మొదలుపెట్టే ముందు పది సెకన్ల పరీక్ష చేయండి. రెండు క్లిప్పులు, మధ్యలో ఒక ట్రాన్సిషన్ (ఒక షాట్ నుంచి ఇంకోదానికి మారే ఎఫెక్టు), పైన ఒక తెలుగు పేరు, కింద కాస్త సంగీతం పెట్టి ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. ముద్ర పడుతుందా, 1080పి వచ్చిందా, తెలుగు అక్షరాలు విడిపోయాయా, కార్డు వివరాలు అడుగుతోందా, అన్నీ పావుగంటలో తేలిపోతాయి. ఉచిత ఖాతాల షరతులు కంపెనీలు ఎప్పుడు పడితే అప్పుడు మారుస్తుంటాయి. అందుకే ఎవరో రాసిన జాబితా కంటే ఈ పరీక్షనే నమ్మండి. మూడు సాయంత్రాల పని పోగొట్టుకున్నవారికి ఈ మాట విడిగా చెప్పక్కర్లేదు.

ఇక అసలు పని. ఒక ఫోల్డర్‌లో అన్ని క్లిప్పులూ పోగేయండి. వాట్సాప్‌లో వచ్చినవి అప్పటికే బాగా కుదించుకుపోయి ఉంటాయి, ఏ ఎడిటరూ ఆ నాణ్యతను వెనక్కి తేలేదు. తీసినవారి ఫోన్‌లో అసలు ఫైలు ఇంకా ఉంటే మళ్లీ పంపమనండి, ఈసారి గ్యాలరీ నుంచి కాకుండా 'డాక్యుమెంట్'గా. అలా పంపితే 2 జీబీ దాకా ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. ఇదొక్కటే మీ వీడియో కనిపించే తీరుని మిగతా అన్ని ఎఫెక్టుల కన్నా ఎక్కువ మారుస్తుంది. ఆ తర్వాత ఫైళ్లకు తేదీ ముందుండేలా పేర్లు పెట్టండి. 2024-03-12-మొదటి-అడుగు, ఈ పద్ధతిలో. అప్పుడు ఫోల్డర్‌లో వాటంతట అవే వరసలో నిలబడతాయి. ఈ ఫోల్డర్‌ని ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదకి కాపీ చేసి, ఆ కాపీని ఇక ముట్టుకోకండి.

కత్తిరించడానికి లాస్‌లెస్‌కట్ అనే ప్రోగ్రామ్ దించుకోండి. గిట్‌హబ్ అనే సైటులో ఉచితం. యాప్ స్టోర్లలో అదే ప్రోగ్రామ్‌కి డబ్బు తీసుకుంటారు, అది తయారుచేసినవారికి ఇచ్చే సాయం కిందే లెక్క. ఇది వీడియోని మళ్లీ ఎన్‌కోడ్ చేయదు (అంటే కొత్తగా కుదించి రాయదు), ఉన్న డేటాలోంచి మీకు కావలసిన ముక్కను కాపీ చేస్తుంది. అందుకే పాత లాప్‌టాప్ మీద కూడా ముక్క సెకన్లలో వచ్చేస్తుంది, నాణ్యత చుక్క తగ్గదు. ఫైలు తెరిచి, కావలసిన చోటు మొదట్లో కీబోర్డు మీద ఐ, చివర్లో ఓ, ఆపైన ఈ నొక్కితే ముక్క వేరే ఫైలుగా పడుతుంది. ఒకే క్లిప్పులో మూడు నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకుని ఒకేసారి తీయొచ్చు కూడా.

దీంతో ఒక చిక్కుంది. వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. మధ్యమధ్యలో వచ్చే కీఫ్రేమ్ మాత్రమే పూర్తి బొమ్మ, దాని తర్వాతివన్నీ ఏం మారిందో చెప్పే సమాచారం. కనుక ఎన్‌కోడ్ చేయకుండా కోస్తే ముక్క కీఫ్రేమ్ దగ్గరే మొదలవ్వాలి. మీరు గుర్తుపెట్టిన చోటికి కాస్త ముందుగా మొదలవడం, మొదటి క్షణం బొమ్మ గడ్డకట్టినట్టు ఉండటం అందువల్లే. ఇది లోపం కాదు. ముందూ వెనకా రెండేసి సెకన్లు ఎక్కువ తీసుకోండి, కచ్చితమైన కోత ఎడిటర్‌లో వేసుకోవచ్చు.

ఏం ఉంచాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఒక క్లిప్పు తీసుకుందాం: పాప సోఫా పట్టుకుని నిలబడటం, 48 సెకన్లు. మొదటి 12 సెకన్లు కెమెరా అటూ ఇటూ వెతుకుతుంది. 14వ సెకనులో పాప చేయి సోఫా అంచుకి చేరుతుంది, 21లో లేస్తుంది, 24లో కూలబడుతుంది. 26లో కెమెరా వెనక నుంచి ఎవరో పకపకా నవ్వుతారు, పాప అటు తిరిగి చూస్తుంది. ఆ తర్వాత మిగిలిందంతా నేల. ఇందులో మీకు కావలసింది 13 నుంచి 28 దాకా. పాప లేచే ఆ మూడు సెకన్లే తీసుకుంటే దానికి ముందున్న తంటాలు కనబడవు, ఆ లేవడానికి విలువ ఉండదు. కూలబడగానే కోసేస్తే నవ్వు పోతుంది, పాప చూపూ పోతుంది. ఇంటి వీడియోల్లో కెమెరా వెనకాల ఉన్నవాళ్ల గొంతులే కాలం గడిచేకొద్దీ ఎక్కువ విలువైనవి. దయచేసి వాటి మీద పాట కప్పేయకండి. ఆ నవ్వు చివరి సెకనుని తర్వాతి షాట్ కింద కూడా కొనసాగనిస్తే కోత కోసినట్టే తెలియదు. దానికి టైమ్‌లైన్‌లో క్లిప్పు మీద కుడి క్లిక్ చేసి ఆడియోని వేరుచేసి, బొమ్మను మాత్రం ఒక సెకను ముందుగా కోయాలి.

నలభై క్లిప్పుల్లోంచి ఇలా ఏరితే పదిహేను, ఇరవై నిమిషాల సరుకు తేలుతుంది. అదే మీరు బ్రౌజర్‌లోకి తీసుకెళ్లాల్సింది. గంట కాదు.

ఇప్పుడు మాటకీ పెదవులకీ పొంతన తప్పడం గురించి. టీవీ కెమెరాలు సెకనుకు ఇన్ని ఫ్రేములని పట్టుబట్టి అన్నే తీస్తాయి. ఫోన్ అలా కాదు. వెలుతురు తగ్గినా, ఫోన్ వేడెక్కినా ఫ్రేముల మధ్య ఎడం మార్చేస్తుంది. 30 అని రాసి ఉన్నా ఒకచోట 30, మరోచోట 24 ఉంటాయి. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ప్లేయర్ ప్రతి ఫ్రేముకీ ఉన్న టైమ్ ముద్ర చూసి నడుపుతుంది కాబట్టి ఫోన్‌లో అంతా సరిగ్గానే కనిపిస్తుంది. కొన్ని ఎడిటర్లు మాత్రం ఫ్రేములు సమానంగా ఉన్నాయనుకుని పేరుస్తాయి. శబ్దం తన దారిన తాను నడుస్తుంది, బొమ్మ కొద్దికొద్దిగా పక్కకు జరుగుతుంది. క్లిప్పు పొడవయ్యేకొద్దీ తేడా పెరుగుతుంది. మీకు సగం దాటాక కనిపించింది అదే.

ఇక్కడ ఒకటి గమనించండి. మొదటి నుంచి చివరి దాకా తేడా ఒకేలా ఉంటే అది ఈ జబ్బు కాదు. ఆడియోని వేరుచేసి ఆ కాస్తా ముందుకో వెనక్కో జరిపితే సరిపోతుంది. మొదట్లో బాగుండి రాన్రానూ పెరిగితేనే వేరియబుల్ ఫ్రేమ్ రేట్. అనుమానంగా ఉంటే మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైలు తెరవండి. వీడియో వివరాల్లో ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర 'వేరియబుల్' అనో 'కాన్‌స్టంట్' అనో చెబుతుంది. 5, 10 సెకన్ల ముక్కల్లో ఈ తేడా కంటికి ఆనదు. కాబట్టి ముందే చిన్న ముక్కలుగా కోసుకుంటే చాలామటుకు ఈ బాధే తప్పుతుంది. అర నిమిషం మించి మాట్లాడే ముక్కలున్నప్పుడే మందు వేయాలి.

ఆ మందు హ్యాండ్‌బ్రేక్, ఇదీ ఉచితమే. దాని అసలు సైటు చిరునామా చివర్లో డాట్ ఎఫ్ఆర్ ఉంటుంది, వేరేచోట దించుకోకండి. ఫైలు తెరిచి 'ఫాస్ట్ 1080పి30' ప్రీసెట్ ఎంచుకోండి. వీడియో ట్యాబ్‌లో ఎన్‌కోడర్ హెచ్.264, ఫ్రేమ్ రేట్ 30. దాని కింద 'పీక్ ఫ్రేమ్‌రేట్' అని ఉంటుంది, దాన్ని తప్పకుండా 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్'గా మార్చండి. చాలామంది మరిచిపోయేది ఇదే, ఇది మార్చకపోతే అంత సేపూ వృథా. నాణ్యత స్లైడర్ 18 దగ్గర పెట్టండి. ఇందులో అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది. మీరు దీన్ని ఎడిటర్‌లో ఇంకోసారి ఎన్‌కోడ్ చేయబోతున్నారు కనుక ఇక్కడ పొదుపు చేయొద్దు. అన్నీ క్యూలో పెట్టి వదిలేస్తే ఒకదాని తర్వాత ఒకటి అయిపోతాయి. పాత లాప్‌టాప్‌కి టైమ్ పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి.

వీడియో తెరిస్తే శబ్దం వస్తూ బొమ్మ నల్లగా ఉంటే అది హెచ్.265, అంటే హెచ్‌ఈవీసీ, ఫైలు. ఐఫోన్లు 2017 నుంచి చోటు కలిసొస్తుందని ఈ పద్ధతిలో తీస్తున్నాయి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఈ ఎంపిక ఉంది. పాత కంప్యూటర్లకు దీన్ని విప్పి చూపడం కష్టం. పైన చెప్పిన హ్యాండ్‌బ్రేక్ పనే దీన్నీ సరిచేస్తుంది. ఇకముందు తీసే వాటికి ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టుకోండి.

హ్యాండీక్యామ్ ఫైళ్ల పేర్ల చివర ఎంటీఎస్ అని ఉంటే చాలావరకు అవి ఇంటర్‌లేస్డ్. అంటే ఒక్కో ఫ్రేమ్‌ని సరి గీతలుగా, బేసి గీతలుగా రెండు వేర్వేరు క్షణాల్లో తీసినవి. కంప్యూటర్‌లో చూస్తే కదిలే చేతి అంచున దువ్వెన పళ్లలా గీతలు కనబడేది అందుకే. హ్యాండ్‌బ్రేక్‌లో ఫిల్టర్స్ ట్యాబ్‌లో డీఇంటర్‌లేస్‌ని 'యాడిఫ్'కి మార్చి అవుట్‌పుట్ తీయండి. ఇది బ్రౌజర్‌లోకి తీసుకెళ్లే ముందే జరగాలి. ఎడిటర్ ఆ బొమ్మ సైజు మార్చాక గీతలు బొమ్మలో కలిసిపోతాయి, ఇక ఏ ఫిల్టరూ తీయలేదు. వెడల్పు, ఎత్తు 4:3 నిష్పత్తిలో ఉన్న పాత బొమ్మని తెర నిండేలా సాగదీయకండి, మనుషులు లావుగా కనిపిస్తారు. పక్కల నలుపు ఉంటే ఉండనివ్వండి.

నిలువు క్లిప్పులది ఇంకో తలనొప్పి. అడ్డం వీడియోలో నిలువు క్లిప్పుని తెర నిండా పెంచితే పాప తలో కాళ్లో తెగిపోతాయి. ఒక్కటే పెడితే పక్కలు ఖాళీ. ఇక్కడ ఒక లెక్క కలిసొస్తుంది: 1080 ఎత్తున్న తెరలో 9:16 నిలువు క్లిప్పు వెడల్పు సుమారు 607 పిక్సెల్స్. మూడు పక్కపక్కన పెడితే 1,822. తెర వెడల్పు 1,920. అంటే మూడు నిలువు క్లిప్పులు దాదాపు అతికినట్టు పడతాయి, మధ్యలో సన్నటి సందుతో సహా. మూడు నెలలప్పటిది, తొమ్మిది నెలలప్పటిది, ఏడాదిన్నరది ఒకేసారి పక్కపక్కన కదులుతుంటే చూడటానికి చాలా బాగుంటుంది. శబ్దం మాత్రం ఒక్కదానిదే ఉంచి మిగతా రెండూ మ్యూట్ చేయండి.

క్లిప్‌చాంప్‌లో పని ఇలా సాగుతుంది. కొత్త ప్రాజెక్టు తెరిచి, ముక్కలన్నీ ఇంపోర్ట్ చేసి, కింద టైమ్‌లైన్ మీదికి లాగండి. కోయాలనుకున్న చోట గీతను నిలిపి ఎస్ కీ నొక్కితే రెండు ముక్కలవుతుంది. అక్కర్లేనిది ఎంచి డిలీట్ చేయండి. మిగిలిన ఖాళీ మీద మౌస్ పెడితే చెత్తబుట్ట బొమ్మ వస్తుంది, అది నొక్కితే ఖాళీ మూసుకుంటుంది. ఆ ఖాళీ మూయకపోతే వీడియో మధ్యలో నల్లతెర వస్తుంది. ఎక్స్‌పోర్ట్ అయ్యాక తెలిసే తప్పు ఇది. ప్రాజెక్టు నడుస్తున్నన్నాళ్లూ ఆ ముక్కలున్న ఫోల్డర్ పేరు గానీ చోటు గానీ మార్చకండి, మారిస్తే ఎడిటర్ వాటిని పోల్చుకోలేక మళ్లీ చూపించమంటుంది. ప్రైవేట్ విండోలో అసలు పని చేయొద్దు, మూసేశాక అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

మీ లాప్‌టాప్ కోసం ఇంకో ఉపాయం. పన్నెండు నిమిషాలనూ ఒకే ప్రాజెక్టుగా చేయకండి. మూడేసి నిమిషాల అధ్యాయాలుగా నాలుగు ప్రాజెక్టులు చేసి, అన్నింటినీ ఒకే సెట్టింగ్‌తో, 1080పిలో, ఎక్స్‌పోర్ట్ చేయండి. తర్వాత ఆ నాలుగు ఫైళ్లనూ లాస్‌లెస్‌కట్‌లో మెర్జ్ చేయండి. అన్నీ ఒకే ఎడిటర్ నుంచి ఒకే సెట్టింగ్‌తో వచ్చాయి కనుక ఎన్‌కోడ్ లేకుండానే, కొద్ది సెకన్లలో కలుస్తాయి. వేర్వేరు ఫోన్ల క్లిప్పుల్ని నేరుగా ఇలా కలపబోతే మాత్రం రెండో క్లిప్పు నుంచి బొమ్మ చెడిపోతుంది. సైజు, కోడెక్ (కుదించే పద్ధతి), ఫ్రేమ్ రేట్ అన్నీ ఒకటైతేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. అతుకు దగ్గర శబ్దంలో చిన్న టక్కు వినబడకుండా ప్రతి అధ్యాయం చివర అర సెకను ఫేడ్ అవుట్ (శబ్దం మెల్లగా తగ్గిపోవడం) పెట్టండి. ఒక అధ్యాయంలో తప్పు దొర్లితే ఆ మూడు నిమిషాలే మళ్లీ తీసుకోవచ్చు.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మిగతా ట్యాబులన్నీ మూసేయండి, చార్జర్ పెట్టండి, స్లీప్ ఆపేయండి. ఆ ట్యాబ్ కళ్లెదుటే ఉండాలి. వేరే ట్యాబ్‌కి వెళ్తే బ్రౌజర్ వెనకున్న ట్యాబ్‌కి శక్తి తగ్గించేస్తుంది. సీ డ్రైవ్‌లో ఓ 15, 20 జీబీ ఖాళీ ఉంచండి. చివరి దశలో ఫైలు రాయడానికి చోటు చాలకపోయినా 90ల్లోనే ఆగుతుంది. మూడు నిమిషాల అధ్యాయం కూడా సాగకపోతే బ్రౌజర్‌ని వదిలేసి షాట్‌కట్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. ముద్ర ఉండదు, ఖాతా అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో ప్రాక్సీ ఆన్ చేస్తే ప్రతి క్లిప్పుకీ చిన్న నకలు తయారుచేసి ఎడిట్ చేస్తున్నంతసేపూ దాన్నే నడుపుతుంది, ఎక్స్‌పోర్ట్‌కి అసలు ఫైలు తీసుకుంటుంది. వేరియబుల్ ఫ్రేమ్ రేట్ ఫైలు తెరిస్తే మార్చమంటారా అని తనే అడుగుతుంది కూడా. నేర్చుకోవడానికి రెండు రోజులు పడుతుంది, పాత లాప్‌టాప్‌కి మాత్రం ఇది ఇంకా నమ్మకమైన దారి. హెచ్‌డీకి 8 జీబీ ర్యామ్ ఉండాలని వాళ్లే చెబుతారు. మీకు 4 ఉంది కనుక ప్రాక్సీ లేకుండా మొదలుపెట్టకండి.

తెలుగు అక్షరాల దగ్గర కొన్ని ఎడిటర్లు తడబడతాయి. 'స్త్రీ', 'జ్ఞాపకం' లాంటి మాటల్లో ఒత్తులు విడిపోతాయి. అలా అయితే ఆ ఎడిటర్‌తో పోట్లాడకుండా పేరును బొమ్మగా చేసుకోండి. గూగుల్ స్లైడ్స్‌లో ఫైల్ మెనూలో పేజ్ సెటప్‌లోకి వెళ్లి కస్టమ్ ఎంచుకుని, పిక్సెల్స్‌లో 1920, 1080 ఇవ్వండి. నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలు రాసి పీఎన్‌జీగా దించుకోండి. రామభద్ర, మండలి, సూరన్న ఖతులు (ఫాంట్లు) అందులోనే ఉంటాయి. శీర్షికకి రామభద్ర నిండుగా కనిపిస్తుంది. తేదీలకి మండలి బాగుంటుంది. ఒక్కో అట్టకి నాలుగు సెకన్లు చాలు.

సంగీతానికి యూట్యూబ్ ఆడియో లైబ్రరీ చూడండి. 'పేరు చెప్పనక్కర్లేదు' అన్న ఫిల్టర్ పెడితే షరతుల్లేనివి మాత్రమే మిగులుతాయి. సినిమా పాట పెట్టి యూట్యూబ్‌లో ఎక్కిస్తే, ప్రైవేట్‌లో పెట్టినా సరే, యంత్రం గుర్తుపడుతుంది. హక్కుదారు ఇష్టాన్ని బట్టి వీడియో ఆగిపోవచ్చు, శబ్దం పోవచ్చు. మాటలున్న చోట సంగీతం వాల్యూమ్ 10–15 శాతం, లేనిచోట 60. ఆ మారే చోట ఆడియోని ఎస్ కీతో కోసి, రెండు ముక్కలకీ వేర్వేరు వాల్యూమ్ పెట్టి, అంచుల్లో ఫేడ్ ఇవ్వండి. ఇయర్‌ఫోన్స్‌తో ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినండి. బంధువుల్లో ఎక్కువమంది చూసేది ఫోన్‌లోనే.

నిమిషం వీడియోకి మళ్లీ మొదటి నుంచి చేయనక్కర్లేదు. ప్రాజెక్టు నకలు తీసి, ప్రివ్యూ పక్కనున్న బటన్‌లో నిష్పత్తిని 9:16కి మార్చి, 12 నుంచి 15 షాట్లు మాత్రం ఉంచండి. అడ్డం క్లిప్పుల్లో పాప ఎక్కడుందో చూసి ఒక్కోదాన్నీ జరపాలి, ఎడిటర్ నడిమి భాగం తీసుకుని ఊరుకుంటుంది.

ఇక పంపడం. 1080పి వీడియో సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున ఉంటే నిమిషానికి 60 ఎంబీ, పన్నెండు నిమిషాలకి 720 ఎంబీ. ఇది మీ అసలు ప్రతి, భద్రంగా దాచుకోండి. పంపడానికి హ్యాండ్‌బ్రేక్‌లో 720పికి తగ్గించి సగటు బిట్‌రేట్ సెకనుకు 2,500 కిలోబిట్లు ఇస్తే దాదాపు 225 ఎంబీ వస్తుంది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. యూట్యూబ్‌లో పెడితే 'అన్‌లిస్టెడ్' అన్నది తాళం కాదు, లింకు చేతికి చిక్కిన ఎవరైనా చూడగలరు. 'ప్రైవేట్' పెట్టి ఒక్కొక్కరి ఈమెయిల్ చేర్చితే వాళ్లకే కనబడుతుంది. ఫోన్‌లో తీసిన అసలు ఫైళ్లను ఉన్నవున్నట్టు పంపితే తీసిన చోటు వివరాలు కూడా వాటితోపాటు వెళ్లే వీలుంది. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపుకోవడం మంచిది.

చివరిగా, వెతికేటప్పుడు 'విండోస్ మూవీ మేకర్ ఉచితంగా' అన్న సైట్లు చాలా పైకి కనిపిస్తాయి. మైక్రోసాఫ్ట్ దాన్ని 2017 జనవరిలోనే ఆపేసింది. ఆ పేరుతో తిరిగే నకిలీలు పని అయ్యాక సేవ్ చేసేటప్పుడు డబ్బు అడుగుతాయి. అలాంటిది ఇప్పటికే లాప్‌టాప్‌లో వేసుకుని ఉంటే తీసేసి, ఒకసారి వైరస్ స్కాన్ చేయించి, ఆ తర్వాతే ఈ పని మొదలుపెట్టండి.